వెనుక కాలు

పొద్దున్నే నీలమ్మ చేనుకు పోయే తీరు ఊరందరికీ ఎరుకే. సద్ది గంప నెత్తి మీద పెట్టుకుంటది గని దాని మీద చెయ్యి వెయ్యదు. రెండు చేతులూ ఊపుకుంట, దారిల కనబడ్డోళ్లను పలకరించుకుంట, ఏదో ఒకటి నవ్వుకుంట పోతది. ఇబ్రహీంపట్నం పెద్ద రోడ్డు దాటి పడమటి దిక్కు పోతే కొన్ని చేన్ల అవతల వాళ్ల జొన్న చేను. చేనుకూ చేనుకూ నడుమ నిలువుగ పాతిన రాతి బండల కంచె. ఈ దిక్కు మేకలు మస్తు. పంట మీద పడుతయని తాతల నాడే నడుమెత్తు బండలు వరుసగ పాతిన్రు, నడుమ సందు కూడ ఇడవలేదు. దాటాలంటే ఎవలైనా బండ మీద చెయ్యేసి, పంచెనో చీరనో ఎగ్గట్టి, కాలు అవతల పడెయ్యాల్సిందే. అది చాతగానోళ్లు ఎడ్లబండ్ల బాట పట్టి ఊరంత చుట్టు తిరిగి రావాలె.

నీలమ్మకు మాత్రం ఆ తిప్పలు లేవు. ఆమె దగ్గరికి రాంగనె బండ మెల్లగ ముందుకు వంగి నేలకు ఆనేది. ఆమె దాని మీద అడుగేసి అవతలికి పోయేది. పోయినంక బండ లేచి మళ్ల తన జాగల నిలబడేది. గంతే. చూసినోళ్లు ఎవరూ నోరు తెరవలేదు, దండం పెట్టలేదు. ఎండాకాలం ఎండ కొడితే ఎవరన్న ఆశ్చర్యపోతరా? ఇదీ అట్లనే.

తిప్పలన్నీ వెనుక వచ్చేటోళ్లకే ఉండేవి. మొగడు ఈశ్వరయ్య ఎప్పుడూ రెండడుగులు వెనుక నడుస్తడు. ఆయన వచ్చేసరికి బండ లేచి నిలబడి ఉండేది.

"ఏమే, నేను దాటేదాక జర ఆగుమని చెప్పరాదే దానికి!" అని గులిగేటోడు.

"నాకు చెప్పి వంగుతుందా ఏంది, చెప్పి ఆపనీకి?" అని ఆమె వెనక్కి చూడకుండనే పోయేది.

మేకలు కాసే ముత్యాలు ఉన్నడు గదా, వాని మేకలు మటుకు హుషారు. నీలమ్మ ఎప్పుడు వస్తదా అని కంచె కాడ కాచుకొని ఉండి, బండ వంగంగనె ఆమె కాళ్ల సందుల నుంచి చేన్లకు దూరేవి. చేను గలోళ్లు వచ్చి ముత్యాలును తిడితే, "నన్నేమంటరే, మా వదినెను అనుండ్రి. మేకలకు దర్వాజ తెరిచింది ఆమె గదా!" అని తప్పించుకునేటోడు.

ఇది మొదటి నుంచి ఉన్నది కాదు. కొడుకు ధర్మేందర్ కడుపుల ఉన్నప్పుడు, నెలలు నిండొస్తున్న దినాలల్ల, పెంటగంప నెత్తిన పెట్టుకొని ఈ బండే దాటబోయి నీలమ్మ బోర్ల పడ్డది. దవాఖానకు తీసుకపోయేదాక దారి పొడుగునా కడుపు రెండు చేతులతోని పట్టుకొని, "తాకింది, నా బిడ్డకు తాకింది" అని ఒకటే మాట. బిడ్డకు ఏం కాలేదు. పుట్టినప్పుడు దుక్క లెక్క గట్టిగ పుట్టిండు. గని ఆ భయం ఆమెల అట్లనే ఉండిపోయింది. బాలింతరాలు తేరుకొని మళ్ల చేనుకు పోయిన పొద్దు బండ వంగింది. పాపం, దానికి కూడ సిగ్గేసి ఉంటదని ఈశ్వరయ్య తల్లి అన్నది. ఆ తర్వాత ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు.

పిలగాడు పెద్దగయిండు. బడి చేన్ల అవతల ఉండేది. గంట కొట్టేదాక ఇంట్లనే తిరిగి, గంట వినబడంగనె పలక చంకల పెట్టుకొని ఉరికేటోడు. నీలమ్మ కల్లం కాడ నిలబడి వాడు కనుమరుగయ్యేదాక చూసేది. తల్లి చూపు పోయిన దారంత బండలు వంగుకుంట పోయేవి. పిలగాడు ఆగకుండ, ఒక్క కాడ గూడ అడుగు తడబడకుండ, గాలి లెక్క బడికి చేరేటోడు. వానికి తెల్వదు, ఆమెకు తెల్వదు. వాడు దుంకుతున్న అనుకునేటోడు. ఆమె, నా కొడుకు మంచిగ దుంకుతున్నడు అనుకునేది.

ఆటల సారు శ్రీశైలం ఒకరోజు బడి వరండల చాయ తాగుకుంట ఇది చూసిండు. చాయ గ్లాసు అట్లనే కింద పెట్టి, "ఎవడ్రా వాడు!" అన్నడు. దూరం నుంచి ఆయనకు బండలు కనబడలేదు, ఉరికే పిలగాడు కనబడ్డడు. ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి ఈశ్వరయ్యతోని మాట్లాడి పోయిండు. హర్డిల్స్ అనేది ఒకటుంటది, దారిల అడ్డకర్రలు పెడతరు, వాటి మీదికెళ్లి దుంకుకుంట ఉరుకుడే ఆట, మీ వానికి అది పుట్టుకతోనే వచ్చింది అని చెప్పిండు. "దేశం దాటి పోతడు చూడు ఈశ్వరన్నా" అన్నడు.

సరూర్‌నగర్ల జిల్లా పోటీలు పెట్టినప్పుడు నీలమ్మ కూడ పోయింది. సద్ది, పచ్చి పులుసు కట్టుకొని, కొత్త చీర కట్టుకొని, ముందు వరుసల కూసున్నది. తుపాకి పేలింది. పిలగాండ్లందరూ ఉరికిన్రు. ధర్మేందర్ లైన్ల అడ్డకర్రలన్నీ ఒకదాని వెనుక ఒకటి నేల మీదికి ఒరిగినయి. ధర్మేందర్ అందరికన్న మస్తు ముందు పోయి చేరిండు.

ఒక ఆఫీసరు విజిల్ ఊదుకుంట వచ్చి జనం దిక్కు చూసిండు.

"ఈ పిలగాని తల్లి ఎవరమ్మా?"

నీలమ్మ సంబురంగ చెయ్యి లేపింది.

"అమ్మా, జర అటు తిరిగి కూసోవాలె. ఆట మళ్ల పెడతం" అన్నడాయన. కోపం లేదు, ఎక్కిరింత లేదు. ఎండల గొడుగు దించుమన్నంత మామూలుగ అన్నడు.

నీలమ్మ అటు తిరిగి గోడ దిక్కు కూసున్నది. తుపాకి మళ్ల పేలింది. ఈసారి వెనుక నుంచి చప్పుడు వినబడ్డది. కర్ర మీద ఎముక కొట్టుకున్న చప్పుడు. ఒకసారి, ఇంకోసారి, మళ్లొకసారి. ఆఖరికి మనిషి పడ్డ చప్పుడు. ఆమె చెంగు నోట్ల కుక్కుకున్నది గని తిరగలేదు.

ఇంటికి వచ్చే బస్సుల శ్రీశైలం సారు ధర్మేందర్ పక్కన కూసున్నడు. పట్నం దాటినంక అన్నడు.

"ధర్మా, ముందు కాలు మంచిగనే పోతున్నది. వెనుక కాలు లేస్తలేదు. ముందు కాలు దాటినంక వెనుక కాలును పక్కకు మడిచి పైకి లేపి తేవాలె. నీకు చిన్నప్పటి సంది ఏ బండా తాకలేదు గదా, లేపాలని నీ కాలుకు తెల్వదు. నువ్వు ఇన్నేండ్లు దుంకలేదు బిడ్డా. బండలే వంగినయి."

ధర్మేందర్ కిటికీ దిక్కు మొఖం పెట్టి ఏడ్చిండు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కోకముందే తల్లి ముంగట నిలబడ్డడు.

"అమ్మా, ఇగ నువ్వు నన్ను సూడకు."

"ఎట్ల సూడకుంట ఉండాలె కొడుకా?"

"ఎట్లనో నాకు తెల్వదు. నేను ఉరికేటప్పుడు మాత్రం సూడకు."

నీలమ్మకు ఆ మాట గుండెల దిగింది. గని ఆడిన మాట మీద నిలబడే మనిషి. "సరే" అన్నది. ఆ దినం నుంచి కొడుకు ఉరుకుడు ఆమె చూడలేదు.

చూడకుంట ఉండుడు ఎంత కష్టమో ఎవరికి చెప్తే అర్థమైతది! శ్రీశైలం సారు వడ్లాయనతోని కర్రలు చేపించి ఇంటి ఎనుక చేన్లనే వరుసగ పెట్టించిండు. పొద్దున, సాయంత్రం అక్కడనే సాధన. నీలమ్మ ఇంట్ల పొయ్యి ముంగట గోడ దిక్కు తిరిగి కూసునేది. "ఎనుక కాలు! ఎనుక కాలు లేపుర!" అని సారు మొత్తుకునుడు వినబడేది. ఠక్కున కర్ర తాకిన చప్పుడు వినబడేది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్ల ఆమె చేతుల ఉన్నది కింద పడేది. సాయంత్రం వాడు కుంటుకుంట వచ్చి మంచం మీద కాళ్లు చాపితే పసుపు, నూనె పెట్టేది. మోకాలి కింద, మడిమె పక్కన, తోలు లేచిన కాడల్ల ఆమె వేలు పోయేది. ఏ గాయం ఎప్పటిదో ఆమెకు ఎరుక. కొడుకు మొఖం కన్న వాని కాళ్లే ఆమెకు ఎక్కువ తెలుసు.

ధర్మేందర్ చెల్లె యముననే అమ్మకు కండ్లు, అమ్మ ఉత్త చెవులే. ఎక్కడ పోటీ పెట్టినా తల్లి గోడ దిక్కు, బిడ్డ మైదానం దిక్కు. "అమ్మా, అన్న నడుమ లైన్ల ఉన్నడు... వంగిన్రు... ఉరికిన్రు... మొదటిది దాటిండు..." అని చెప్తుంటే నీలమ్మ కండ్లు మూసుకొని బొమ్మ కట్టుకునేది. ఆ బొమ్మల కొడుకు ఎప్పుడూ బడికి పోయే పిలగాడే, చంకల పలక ఉండేది.

ధర్మేందర్‌కు ఆటల కోటా కింద రైల్వే నౌకరి వచ్చింది. దేశమంత తిరిగిండు, దేశం దాటిండు. సారు చెప్పిన మాట నిజమైంది. గని ఆ వెనుక కాలు మాత్రం పూర్తిగ లొంగలేదు. మన దేశంల గెలిచేటోడు. బయట దేశపోళ్లతోని ఉరికినప్పుడు ఏదో ఒక కాడ కాలు తాకేది, అడుగు తప్పేది, మెడల ఏం పడకుండనే వాపస్ వచ్చేటోడు.

ఒకసారి ఖతార్ల పోటీ. టీవీల వస్తదని ముత్యాలు కొడుకు వచ్చి చెప్పిండు. టీవీల చూస్తే ఏమైతది, అది డబ్బనే గదా అనుకొని నీలమ్మ తలుపు సందు నుంచి జరంత తొంగి చూసింది. సముద్రం అవతల ఆ ఊర్ల కొడుకు ముంగట కర్రలన్నీ పండుకున్నయి. అక్కడి ఆఫీసర్లు ఏమైందని అడిగితే, "మా అమ్మ టీవీ సూస్తున్నట్టున్నది, ఒక్క నిమిషం ఆగుండ్రి" అని ధర్మేందర్ చెప్పిండట. వాళ్లు సరే అన్నరట. ఈశ్వరయ్య సెల్లుకు ఫోన్ వచ్చింది.

"అమ్మా, సూసినవా?"

"జరంత సూసిన బిడ్డా."

"టీవీ బంద్ చెయ్యవే!"

టీవీ బంద్ చేసింది. ఇగ ఫోటోలే దిక్కయినయి. ఫోటోల కొడుకు ఎప్పుడూ గాలిలనే ఉండేటోడు. కర్రకూ కాలికీ నడుమ ఉన్న సందుల వేలు పెట్టి, "ఇంత జాగ ఉన్నది, తాకదు" అని తనకు తానే చెప్పుకునేది.

ఈ నడుమల ఊరు ఊరు కాకుండ పోయింది. హైదరాబాద్ పెరిగి పెరిగి సాగర్ రోడ్డు పట్టుకొని ఇటు వచ్చింది. బడంగ్‌పేట దిక్కు చేన్లు కాలనీలయినయి. ఆదిభట్ల దిక్కు కంపెనీలు వస్తయని మాట పుట్టింది. మిషన్లు వచ్చి తాతల నాటి బండలు పీకి, తెల్ల సున్నం కొట్టిన చిన్న చిన్న ప్లాట్ల రాళ్లు పాతినయి. ఈశ్వరయ్య తన చేను అమ్మలేదు. కార్ల వచ్చినోళ్లు బతిమిలాడుతుంటే, "మా ఇంటామెను అడుగుండ్రి, ఆమె చెప్తే బండలే వంగుతయి, నేనెంత" అనేటోడు. వాళ్లు నవ్వి పోయేటోళ్లు. అట్ల ఆ చేనుకు, ఆ పక్క చేనుకు మాత్రం పాత కంచెలు మిగిలినయి. ఇన్నేండ్లు వంగి లేచి, లేచి వంగి, ఆ బండలు పూర్తిగ నిటారుగ నిలబడుడు మరిచిపోయినయి. ముందుకు తూలినట్టే ఉండేవి.

ఆ ఏడు గచ్చిబౌలి స్టేడియంల అంతర్జాతీయ పోటీలు పెట్టిన్రు. ఎక్కడెక్కడి దేశాలోళ్లో వస్తరని పట్నమంత బ్యానర్లు కట్టిన్రు. ధర్మేందర్ పేరు వచ్చింది. పేరు వచ్చింది గని మోకాలు అరిగింది. దవాఖానల డాక్టరు, ఈ ఒక్కటి ఉరుకు, ఇగ చాలు అన్నడు. సొంత జిల్లల, సొంతోళ్ల ముంగట, ఆఖరి ఆట.

పోటీకి ముందు ధర్మేందర్ ఇంటికి వచ్చిండు. తల్లి వెంబడి చేనుకు పోయిండు. కంచె కాడ బండ వంగింది, నీలమ్మ దాటింది. వాడు అక్కడనే నిలబడ్డడు. బండ లేచి వాని నడుమ దాక వచ్చింది. బండకు ఇటు కొడుకు, అటు తల్లి.

"అమ్మా, ఈసారి సూడు" అన్నడు.

నీలమ్మ గంప దించింది. విన్నది నిజమేనా అన్నట్టు చూసింది.

"ఏం మాటరా అది? నేను సూస్తే వంగుతయి. ఇన్నేండ్ల నీ కష్టం మట్టిపాలు చెయ్యమంటవా?"

"ఎందుకు వంగుతయి, ఎప్పుడన్న సోచాయించినవా?"

"వంగుతయి, గంతే."

"గంతే కాదు. నేను బాగ ఆలోచన చేసిన. మల్లె చెట్టును సూస్తే వంగుతుందా? ఇంటి గోడ వంగుతుందా? నాకు అడ్డం ఉన్నదే వంగుతది. బిడ్డకు తాకుతదేమో అని నీకు భయం. ఆ భయానికి వంగుతయి." వాడు ప్యాంటు మోకాలి దాక ఎత్తి కాలు బండ మీద పెట్టిండు. "ఇటు సూడు. ఎన్ని తాకినయో సూడు. నువ్వే గదా పసుపు పెట్టింది. తాకితే ఏమయిన? సచ్చిపోయిననా? తాకుతదని సూడకు అమ్మా. తాకినా ఏం కాదని సూడు."

"నా తోని కాదు కొడుకా." ఆమె మళ్ల గంప అంచు పట్టుకున్నది. "నేను యమున పక్కన మునుపటి లెక్కనే అటు తిరిగి కూసుంట. అది చెప్తది, నేను వింట."

"ఇది అయిపోతే ఇగ నేను ఉరకను. గప్పుడు సూడాలన్నా ఏం ఉండదు" అన్నడు ధర్మేందర్. బండ మీద చెయ్యేసి, అరిగిన మోకాలు లేపి, అందరి లెక్కనే కంచె దాటిండు. తల్లి గంప తనే నెత్తిన పెట్టుకొని ముందు నడిచిండు.

పోటీ నాడు ఊరంత డీసీఎం వ్యాను ఎక్కి పోయింది. శ్రీశైలం సారు ముసలోడయిండు, డ్రైవరు పక్కన కూసున్నడు. ముత్యాలు మేకలను బామ్మర్దికి అప్పజెప్పి వచ్చిండు. స్టేడియంల సాయంత్రం ఎండ పచ్చగ పడుతున్నది, ఎర్రటి దారులు మెరుస్తున్నయి. అంత పెద్ద జాగ, అంత మంది జనం నీలమ్మ ఎన్నడూ చూడలేదు. ముంగట వరుసల ఈశ్వరయ్య, యమున మైదానం దిక్కు కూసున్నరు. వాళ్ల నడుమ నీలమ్మ జనం దిక్కు తిరిగి కూసున్నది. వెనుక వరుసల ఉన్న తెలవనోళ్లు, "అమ్మా, ఆట అటు" అని చెప్పబోయిన్రు. "ఆమె ధర్మేందర్ తల్లి" అని ముత్యాలు చెప్తే, "ఓ, అట్లనా" అని ఊకున్నరు.

మైకుల పేర్లు చదివిన్రు. ధర్మేందర్ పేరు రాంగనె ఇబ్రహీంపట్నం మొత్తం కేక పెట్టింది.

"అమ్మా, అన్న వచ్చిండు" అన్నది యమున. "ఇటు దిక్కే సూస్తున్నడు. నీ ఈపు కనబడుతున్నది ఆయనకు."

నీలమ్మ చెంగు కొన వేలికి చుట్టుకున్నది, విప్పింది, మళ్ల చుట్టుకున్నది. ఆమె ముంగట వేల మంది మొఖాలున్నయి. అందరు చూస్తున్నరు. కొడుకును చూడనిది ఒక్క కన్నతల్లే. ఆ మాట మనసుల పడంగనె ఆమెకు పట్టరాని దుఃఖం వచ్చింది. ఇన్నేండ్ల దుఃఖం అది. "యమునా, జర జరుగు" అన్నది. లేచింది. తిరిగింది.

దూరంగ ఎర్రటి దారి మీద ఒక మనిషి నిలబడి ఉన్నడు. చంకల పలక లేదు. భుజాలు ఇంతింత ఉన్నయి. నెత్తి మీద అక్కడక్కడ తెల్ల ఎంటికలు. వీడా నా కొడుకు, అనుకున్నది నీలమ్మ. ఇంత మనిషి ఎప్పుడయిండు?

ఆమె చూపు వాని ముంగట ఉన్న మొదటి అడ్డకర్ర మీద పడ్డది. మనిషి నడుము దాటిన ఎత్తు. ఎముక ఇరుగుతది. కర్ర వణికింది, మెల్లగ ఒరగబట్టింది.

"అయ్యో!" అన్నరు ఊరోళ్లు.

తుపాకి పట్టుకున్నాయన చెయ్యి దించిండు. ఉరికేటోళ్లను ఆగుమన్నడు. ఒక ఆఫీసరు వచ్చి కర్రను నిలబెట్టి, జనం దిక్కు ఒకసారి చూసి పోయిండు. నీలమ్మ రెండు చేతులతోని కండ్లు మూసుకున్నది. "నేను చెప్పలే? నేను చెప్పలే వానికి?" అని ఏడుపు ఎత్తుకున్నది.

ఈశ్వరయ్య ఎన్నడూ లేనిది ఆమె చెయ్యి పట్టుకున్నడు. "కోప్పడుతలేడే. సూడు, ఏందో చెప్తున్నడు."

ఆమె వేళ్ల సందు నుంచి చూసింది. ధర్మేందర్ ఆమె దిక్కే తిరిగి నిలబడ్డడు. కిందికి వంగి తన మోకాలి కింద, మచ్చలున్న కాడ, అరచేత్తోని చరుచుకున్నడు. ఒకసారి చరిచి నవ్విండు. మళ్ల చరిచిండు. తాకనీ అమ్మా, తాకనీ.

ఆ కాలు ఆమెకు తెలుసు. ఆ ఎడమ పక్క మచ్చ వడ్లాయన కర్రలు తెచ్చిన మొదటి రోజుది. దాని కింద ఉన్నది వానకాలంది, మానేసరికి దసరా వచ్చింది. మడిమె మీదిది కలకత్తల తాకింది, అది మానక ముందే మళ్ల ఉరికిండు. ఇవన్నీ ఆమె చూడనప్పుడే తాకినయి. తాకిన ప్రతిసారి వాడు లేచిండు. ఎవరూ లేపకుండ, ఏ బండా వంగకుండ, తనంతట తనే లేచిండు. నా కడుపుల ఉన్నప్పుడు గూడ, నేను పడ్డప్పుడు గూడ, లోపల వాడు గట్టిగనే పట్టుకొని ఉన్నడు గదా! ఏడ్చింది నేను. వాడు కాదు.

నీలమ్మ చేతులు దించింది. చెంగుతోని కండ్లు తుడుచుకున్నది.

"ఉరుకు బిడ్డా" అన్నది. చిన్నగనే అన్నది. ఆ మాట అంత దూరం ఎట్ల పోయిందో గని ధర్మేందర్ తల ఊపి వెనక్కి తిరిగిండు.

వంగిన్రు. నడుము లేపిన్రు. స్టేడియం మొత్తం చప్పుడు బంద్ అయింది. తుపాకి పేలింది.

మొదటి కర్ర వంగలేదు. నిలబడ్డది. ఇబ్రహీంపట్నమోళ్లు దానినే చూస్తున్నరు, అది రాయి లెక్క నిలబడ్డది. దాని మీదికెళ్లి ధర్మేందర్ లేచిండు.

నీలమ్మ మునివేళ్ల మీద లేచి చూసింది. ఇదా! ఇన్నేండ్లు వెనుక నుంచి విన్న చప్పుడు ఇదా! వాడు దుంకుతలేడు. దుంకుడు అంటే ఎగిరి పడుడు. వాడు పడుతలేడు. ముందు కాలు కత్తి లెక్క పోతున్నది, ఛాతి దాని మీదికి వంగుతున్నది, ఆ వెనుక ఆ కాలు, ఆ మొండి కాలు, పక్కకు మడుచుకొని, పైకి, ఇంకా పైకి లేచి, కర్రను ముట్టకుండ జారి ముందుకు వస్తున్నది. నేల మీద మూడంటే మూడే అడుగులు, మళ్ల గాలి. వాని మొఖంల భయం లేదు, కోపం లేదు. చిన్నప్పుడు బడి గంట విని ఉరికిన మొఖమే అది. చుట్టు ఉన్న మిగిలినోళ్లు గూడ అట్లనే లేస్తున్నరు, పడుతున్నరు, నల్లోళ్లు, తెల్లోళ్లు, ఎవరి తల్లి కన్న బిడ్డలో. మనుషులు ఇట్ల గూడ చెయ్యగలుగుతరా? ఇది నా కడుపుల నుంచి వచ్చిందా? ఆమె ఒళ్లంత జలదరించింది. గుడిల గూడ ఆమెకు ఎన్నడూ అట్ల కాలేదు.

ఆఖరి దానికి ముందు కర్ర కాడ కాలు తాకింది. ఠక్కుమన్నది. అదే చప్పుడు. యమున "అమ్మా!" అని తల్లి కండ్లకు చెయ్యి అడ్డం పెట్టబోయింది. నీలమ్మ ఆ చెయ్యి తోసేసింది. కొడుకు భుజం ఒరిగింది, అడుగు తప్పబోయింది. ఆమె రెప్ప గూడ వెయ్యలేదు.

"తాకింది" అన్నది. "తాకనీ. పో బిడ్డా, పో!"

ఆఖరి కర్ర నిలబడే ఉన్నది. వాడు దాని మీదికెళ్లి పోయిండు. ఛాతి ముందుకు పెట్టి ముగ్గురు ఒక్కసారే చేరిన్రు. ఎవరు ముందో ఎవరికీ తెల్వలేదు. పెద్ద బోర్డు మీద పేర్లు వచ్చేదాక శ్రీశైలం సారు నిలబడే ఉన్నడు. మూడో పేరు ధర్మేందర్‌ది.

సారు కుర్చీల కూలబడి చిన్న పిలగాని లెక్క ఏడ్చిండు. "లేపిండు ఈశ్వరన్నా, వెనుక కాలు లేపిండు" అని అదే మాట. ముత్యాలు రుమాలు గాలిల ఎగరేసిండు, అది ఎవరి మీదనో పడ్డది. నీలమ్మ మాత్రం కూసోలేదు, అరవలేదు. కొడుకు జెండా కప్పుకొని మైదానం చుట్టు తిరుగుతుంటే కంటి నిండ చూసుకుంట నిలబడ్డది. ఇన్నేండ్ల బాకీ మొత్తం ఆ పొద్దే తీర్చుకున్నది.

కంచు పతకం మెడల ఎయ్యంగ చూసింది. దగ్గరికి వచ్చినంక ముందు వాని కాలు చూసింది. కొత్త గాయం, రక్తం ఎండి ఉన్నది.

"నొస్తున్నదా?"

"నొస్తున్నది" అన్నడు ధర్మేందర్ నవ్వుకుంట. "అమ్మా, ఒక్క ముచ్చట చెప్పనా? ఇయ్యాల నేను లేపలేదు దాన్ని. నువ్వు సూస్తున్నవని తెలిసి, దానంతటదే లేసింది."

తెల్లారి పొద్దున్నే నీలమ్మ సద్ది గంప నెత్తిన పెట్టుకొని చేనుకు బయలెల్లింది. సుట్టాలున్నరు, ఇయ్యాల వద్దు అంటే వినలేదు. ధర్మేందర్ కుంటుకుంట వెంబడి వచ్చిండు. రెండడుగులు వెనుక ఈశ్వరయ్య. కంచె కాడ ముత్యాలు మేకలు ఎప్పటి లెక్కనే కాచుకొని ఉన్నయి.

నీలమ్మ బండ దగ్గరికి పోయింది. ఆగింది.

బండలన్నీ నిటారుగ ఉన్నయి. ఇన్నేండ్లు ముందుకు తూలినవి, నిన్ననే పాతినట్టు వరుసగ నిలబడ్డయి. ఆమె ఇంకో అడుగు ముందుకేసింది. బండ కదలలేదు. చేత్తోని ముట్టుకున్నది. సల్లగ, గట్టిగ ఉన్నది. మేకలు దాని దిక్కు చూసి, ఆమె దిక్కు చూసి, ఏం చెయ్యాల్నో తెల్వక అక్కడనే నిలబడ్డయి.

"బండ్ల బాట పట్టి పోదమా?" అన్నడు ఈశ్వరయ్య వెనుక నుంచి.

"ఎందుకు, నాకు కాళ్లు లేవా?" అన్నది నీలమ్మ. గంప దించి కొడుకు చేతికిచ్చింది. చీర ఎగ్గట్టింది. బండ మీద రెండు చేతులు ఆనించి, ముందు కాలు అవతల పడేసింది. ఒక కాలు అటు, ఒక కాలు ఇటు, బండ మీద ఇరుక్కొని నిలబడ్డది. ఇగ ఎటు కదలాల్నో తోచలేదు.

"ఎనుక కాలు అమ్మా!" అని మొత్తుకున్నడు ధర్మేందర్. "ఎనుక కాలు పక్కకు మడువు! లేపు! ఇంకా లేపు!"

ఆమె లేపింది. కాలు బండ అంచుకు గీసుకుపోయింది. అవతల దబ్బున కూలబడ్డది.

"తాకిందా అమ్మా?" వాడు గంప పట్టుకొని బండ మీదికి వంగి అడిగిండు.

నీలమ్మ చీర జరిపి చూసుకున్నది. మోకాలి కింద తోలు లేచి, సన్నగ రక్తం చెమ్మగిల్లింది. వేలితోని ముట్టుకొని చూసింది. ఆమె కండ్లల్ల నీళ్లు తిరిగినయి, మొఖం నిండ నవ్వు.

"తాకింది బిడ్డా" అన్నది.

లేచి మట్టి దులుపుకొని, కొడుకు చేతుల నుంచి గంప అందుకొని, నెత్తిన పెట్టుకొని, రెండో కంచె దిక్కు నడిచింది.